ఎనిమిది నెలల దూరం

ముక్కు పక్కన కందిగింజంత పుండు ఏడాదిగా మానలేదు. ముక్క తీసి పరీక్షించిన వైద్యులు అది చర్మ క్యాన్సరని తేల్చారు. బేసల్ సెల్ రకమట. మెల్లగా పెరుగుతుందనీ, ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదనీ చెప్పి, శస్త్రచికిత్సకు పద్దెనిమిది రోజుల తరువాతి తేదీ ఇచ్చారు. ఆ రోజులు ఎలా గడపాలో తోచక, అలవాటు కొద్దీ పాత సంగతులు తిరగేస్తూ కూర్చున్నాను. అందులో మా పెద్దనాయన ఎదురయ్యాడు.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ ప్రాంతం. మేనత్తను ఇచ్చింది దిండి వాగు అవతల, కల్వకుర్తి వైపు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక అది నాగర్‌కర్నూలు జిల్లాలో చేరింది గాని, నేను చెప్పబోయే నాటికి మహబూబ్‌నగర్ జిల్లాయే. రెండు వైపులా అవే చెలకలు, అదే వానకు ఎదురుచూపు, అదే వలస.

పెద్దనాయన పసితనంలో చలిమంటలో పడ్డాడు. పిక్క మీద అరచేయంత మచ్చ మిగిలింది. యాభై ఏళ్ల తరువాత ఆ మచ్చ మీదనే పుండు లేచింది. 2007 జులైలో దానిని క్యాన్సరన్నారు. కాలిన మచ్చల మీద పుట్టే ఇటువంటి పుండును వైద్యులు నేటికీ మార్జొలిన్ పేరుతోనే పిలుస్తారు. ఆయన ఫ్రెంచి శస్త్రవైద్యుడు, మచ్చల మీది పుండ్లను 1828లో వర్ణించినవాడు. కాశ్మీరంలో చలికి ఒంటికి ఆనించుకునే నిప్పుల కుంపటి, కాంగ్డీ, వల్ల పొట్ట మీదా తొడల మీదా వచ్చే క్యాన్సరు దీనికి దాయాది. ఇది నా పుండువలె నింపాదైనది కాదు; గజ్జల్లోని గ్రంథులకు పాకగలదు.

మన వైపు రోగికి చికిత్స ఒకప్పుడు ఎంత దూరమో చూడండి. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరచినది 1941లో. మద్రాసు అడయారులో క్యాన్సర్ సంస్థ 1954లో, హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి సంస్థ 1955లో మొదలైనవి. పాలమూరు కూలీలకు బొంబాయి దారి బాగా తెలుసు. కాని అది మట్టిపనికి పోయే దారి, వైద్యానికి పోయే దారి కాదు. హైదరాబాదు దగ్గరే అయినా, పోయిన కూలి, బస్సు చార్జీలు, నగరంలో వారాల తరబడి తలదాచుకునే చోటు, ఇవన్నీ చికిత్సలో భాగాలే.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. మొదటి విడతలో మూడే జిల్లాలు: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తెల్లకార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. నల్లగొండకు అది రెండవ విడతలో, డిసెంబరు 5న వచ్చింది. చరిత్ర రాసేవారికి ఇది ఒక వాక్యం. మా ఇంట్లో అది ఒక శ్రావణమాసం.

అత్త వచ్చి కూర్చుంది. "అన్నా, మా కార్డుల నీ పేరు రాయిస్త. మా ఇంటికాడనే ఉండు."

"నా పేరు నా ఊళ్లనే ఉండనీ, చెల్లె" అన్నాడు పెద్దనాయన. మన జిల్లాకు ఎప్పుడొస్తదని ఎవరిని అడిగినా, వస్తదనే తప్ప ఎప్పుడో చెప్పినవారు లేరు. ఆ శ్రావణంలోనే ఎకరం చెలక అమ్మి ఆపరేషన్ చేయించుకున్నాడు. పుండును చుట్టూ మంచి చర్మంతో సహా కోసివేసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. డిసెంబరులో పథకం సంగతి ఊరికి తెలిసిన నాటికి ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఆ తరువాత పన్నెండేళ్లు బతికాడు. చెలక తిరిగి రాలేదు.

నాలుగు నెలలు ఆగలేకపోయాడని ఇంట్లో చాలాకాలం గొణిగారు. నేనూ అన్నాను. ఆ నాలుగు నెలలని లెక్క వేసినది మేము, అదీ డిసెంబరు తరువాత. శ్రావణంలో ఆయన ముందు నాలుగు నెలలు లేవు, పుండు ఒక్కటే ఉన్నది. నాకు తేదీ ఉన్నది కనుకనే నేను గోడ మీది క్యాలెండరులో గీతలు పెట్టగలుగుతున్నాను. ఆయనకు గీత పెట్టుకోవడానికి క్యాలెండరులో చోటు లేదు. ఈ మాట ఆయన బతికుండగా నాకు తోచలేదు.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది. నాకేమో వైద్యులు చెప్పిన పనులు కొద్దిగానే ఉన్నాయి: పుండును గిల్లకూడదు, పసర్లు పూయకూడదు, ఎండలో టోపీ లేకుండా తిరగకూడదు, రక్తం ఆగకపోతే వెంటనే రావాలి.

నిన్న టోపీ పెట్టుకుని ఊరికి వెళ్లి ఆ ఎకరం చూసి వచ్చాను. కొన్నవారు పత్తి వేశారు, బాగా ఎదిగింది. గట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఇంకా పదకొండు రోజులు.