పెరటి పూలకూ ఒక చరిత్ర ఉంది

పెనుకొండకు వెళ్ళినవాళ్ళు కోట, గగనమహలు చూసి, రాజుల ముచ్చట్లు చెప్పుకుంటూ వస్తారు. మన ఆడవాళ్ళ ముచ్చట్లు మాత్రం పెరట్లో, పూలచెట్ల మొదళ్ళలో వెతుక్కోవాలి. ఆ కథే కాస్త చెప్పుకుందాం.

1443లో రెండవ దేవరాయల కాలాన, హేరాత్ నుంచి అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరం వచ్చాడు. బజారులో ఎక్కడ చూసినా గులాబీలేననీ, ఇక్కడివారికి అన్నం ఎంతో పూలూ అంతేననీ రాసుకున్నాడు. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగాక ఆ రాజ్యానికి పెనుకొండే రాజధాని అయింది. ఆ యుద్ధానికి మునుపటి స్త్రీల కొప్పులు, చీరల అంచులు ఎలా ఉండేవో హిందూపురం దగ్గరి లేపాక్షి గుడికప్పు మీది బొమ్మల్లో నేటికీ చూడవచ్చు. ధర్మవరం పట్టుచీరకూ పూల అంచు లేనిదే నిండుదనం రాదు కదండీ!

అయితే మనవే అనుకునే పూలన్నీ మనవి కావు. పండగకు గుమ్మానికి కట్టే బంతి పుట్టిల్లు మెక్సికో. సాయంకాలం విచ్చే చంద్రకాంత, గుళ్ళ దగ్గరి దేవగన్నేరు కూడా అమెరికా ఖండాలవే. చామంతి చైనాది, బిళ్ళగన్నేరు మడగాస్కరుది. వాసన లేకున్నా తొందరగా వాడిపోని కనకాంబరం మాత్రం మన దక్షిణదేశపు బిడ్డ. బయటినుంచి వచ్చిన ఇన్ని కోడళ్ళనూ, ఈ ఇంటి ఆడపడుచునూ ఒకే పెరట్లో సఖ్యంగా పెంచింది మన అవ్వలే.

అదీ ఎలాంటి చోట! ఈ సీమలో ఏడాదికి పడే వాన సగటున 55 సెంటీమీటర్లే. బావినీళ్ళు తోడి, బిందెలతో మోసుకున్న రోజుల్లోనూ మల్లెపొద ఎండలేదంటే, బియ్యం కడిగిన నీళ్ళు కూడా వృథా పోనివ్వలేదు గనుకనే.

ఇప్పుడేమో ఇంటిచుట్టూ సిమెంటు పరిపించి, మూర పూలకు బజారుకు పోతున్నాం. చెట్టుతోబాటు దాన్ని పెంచే తెలివీ పోతోంది. మల్లెకు చలికాలంలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలానికి విరగబూస్తుందని మన పిల్లలకు చెప్పేదెవరు? వానాకాలంలో మందారం కొమ్మ గుచ్చితే చాలు, వేరుపట్టి బతుకుతుంది. స్థలం లేకుంటే అడుగున చిల్లి ఉన్న కుండీ చాలు. సబ్బునీళ్ళు మాత్రం పోయకండి.

కోటలను కాపాడే బాధ్యత ప్రభుత్వానిది. ఈ చిన్న వారసత్వం మాత్రం మన చేతుల్లోనే ఉందమ్మా. ఈ వానలకు ఒక్క కొమ్మయినా నాటండి. పొరుగింటావిడకూ ఒకటి తుంచి ఇవ్వండి.