శాడ్లరు సంఘమువారి ప్రశ్నలు (1832)

చరిత్ర రచనకు వాఙ్మూలములు ముఖ్యాధారములు. కాని ప్రతి వాఙ్మూలమునకు వెనుక నొక ప్రశ్న యుండును. ఆ ప్రశ్న మనకు దక్కుట అరుదు. కర్నలు మెకంజీ కొలువున కావలి సోదరులు మొదలగువారు సేకరించిన కైఫీయతులలో గ్రామస్థులు చెప్పినది మిగిలినది. అడిగినవారు ఏ మాటలతో అడిగిరో, ఏది అడుగక విడిచిరో ఆ పుటలలో సాధారణముగా కానరాదు. ఇందుకు భిన్నముగా ఆంగ్ల పార్లమెంటు సంఘముల నివేదికలందు ప్రశ్నయు జవాబును వరుస సంఖ్యలతో అచ్చుపడి యున్నవి. అట్టివానిలో, నూలు, ఉన్ని, నార మిల్లులలోని బాలకార్మికుల స్థితిని 1832లో విచారించిన సంఘపు గ్రంథమును మేమిక్కడ పరిశీలింప బూనితిమి. ప్రజల ఆరోగ్యమును సాంఘిక వైషమ్యమును ఒకదానితో నొకటి ముడివెట్టి శాసనసభ్యుడొకడు ప్రశ్నించిన తీరు ఇందు స్పష్టముగా కనబడును.

ఆ సభ్యుడు మైకేల్ థామస్ శాడ్లరు (1780–1835). లీడ్సు నగరమున నారవస్త్రముల వర్తకుడు. రాజకీయములందు టోరీ పక్షమువాడు. 1831 ఏప్రిలులో పార్లమెంటు సంస్కరణ బిల్లునకు అడ్డుగా గాస్కోయిన్ తెచ్చిన తీర్మానమును బలపరచినవాడీయనయే. వోటుహక్కు విస్తరింపరాదని వాదించిన యీతడు ఏ హక్కును లేని పసివారి పక్షమున నిలుచుట పలువురకు విచిత్రముగా తోచినది. మాకందు వైరుధ్యము తోపదు. పేదలను పెద్దలు కాపాడవలెనను పాతకాలపు ధర్మబుద్ధి ఆయనది; పేదలు తమ్ము తామే యేలుకొనవలెనను భావము ఆయన కెన్నడును లేదు. పదునెనిమిదేండ్ల లోపువారిచేత దినమునకు పదిగంటలకు మించి పని చేయింపరాదను బిల్లును 1831 డిసెంబరులో ప్రవేశపెట్టెను. 1832 మార్చి 16వ తేదీన రెండవ పఠనము జరిగిన పిమ్మట సభవారు దానిని సెలెక్టు కమిటీకి పంపిరి. శాడ్లరే దాని కధ్యక్షుడు. ఏప్రిలు మొదలు ఆగస్టు వఱకు ఎనుబదికి పైగా సాక్షులు విచారింపబడిరి. వారిలో పెక్కుమంది మిల్లు కార్మికులు. వైద్యులును కొందఱు కలరు.

ప్రశ్నల పోకడ కొక ఉదాహరణము చాలును. లీడ్సుకు చెందిన ఎలిజబెత్ బెంట్లీ యను ఇరువదిమూడేండ్ల స్త్రీ సాక్ష్యమిచ్చినది. ఏ వయస్సున పనికి పోతివి? ఆరవయేట. ఏ మిల్లు? నార మిల్లు. ఏమి పని? నిండిన కండెలను తీసి ఉత్త కండెలను పెట్టు పని. ఎన్ని గంటలు? పని ముమ్మరముగా నున్నపుడు వేకువ అయిదింటినుండి రాత్రి తొమ్మిదింటివఱకు. భోజనమునకు? నడిమధ్యాహ్నమున నలుబది నిమిషములు మాత్రమే. వెనుకబడినచో ఏమగును? తోలువారుతో కొట్టుదురు. ఇంట గడియారము లేదు గనుక, ఆలస్యమగునను భయముతో రెండుగంటల వేళనే బయలుదేరి, వానలో తడియుచు మిల్లు తలుపు తెఱచువఱకు నిలిచిన రాత్రులు కలవని ఆమె చెప్పినది. ప్రశ్నలన్నియు చిన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క విషయమునే తాకును: వయస్సు, గంటలు, తిండి, నిద్ర, దెబ్బ, కడపట దేహము. దువ్వెన గదిలోని దుమ్ము ఊపిరితిత్తులలో చేరినదనియు, పదుమూడేండ్ల ప్రాయమున శరీరము వంకరతిరుగ నారంభించినదనియు ఆమె చెప్పునప్పటికి, చదువరి ఆ రోగమునకు కారణమును ముందు పుటలోనే చదివియున్నాడు.

సామ్యుయేల్ కూల్సన్ అను దర్జీని అడిగిన ప్రశ్నలు మఱింత గట్టివి. అతని కుమార్తెలు మిల్లులో పనిచేయువారు. ముమ్మరపు దినములు ఆరు వారములు. అప్పుడు వారి పని తెల్లవారుజాము మూడింటినుండి రాత్రి పదింటివఱకు. మామూలు గంటలకు కూలి యెంతయని అడుగగా ఒక్కొక్కరికి వారమునకు మూడు షిల్లింగులనెను. ఈ దీర్ఘపు గంటలకో? మూడు షిల్లింగుల ఏడున్నర పెన్నీలు. అన్ని గంటలు ఎక్కువ పనిచేసినందుకు ముట్టినది ఏడున్నర పెన్నీలేనా యని శాడ్లరు మరల అడిగెను. అంతేయని తండ్రి బదులు చెప్పెను. పెద్దపిల్ల వేలు యంత్రమున పడి తెగినది; అయిదు వారములు ఆసుపత్రిలో నున్నది. ఆ కాలమున కూలి ఇచ్చిరా యనునది తరువాతి ప్రశ్న. ప్రమాదము జరిగినంతనే కూలి నిలిపివేసిరి. వైద్యుడు అడుగు ప్రశ్నయు అర్థశాస్త్రజ్ఞుడు అడుగు ప్రశ్నయు ఇచట ఒకే నోట వచ్చుచున్నవి. మా దృష్టిలో ఈ గ్రంథపు విలువ అంతయు ఇచటనే కలదు.

వైద్యులలో సర్ బెంజమిన్ బ్రోడీ వంటి లండను ప్రముఖులున్నను, లీడ్సు వైద్యుడు చార్లెస్ టర్నర్ థాక్రా సాక్ష్యము మిక్కిలి విలువైనదని మా యభిప్రాయము. వృత్తులవలన కలుగు వ్యాధులపై ఆయన 1831లోనే గ్రంథము ప్రకటించి యుండెను. లండనువారు శాస్త్రమునుబట్టి చెప్పినదానిని ఆయన వీధిలో చూచి చెప్పెను. క్షయవ్యాధితో 1833 మేలో, నలుబదియేండ్లు నిండకయే చనిపోయెను.

ఈ విచారణపై ఆక్షేపణలు అప్పుడే పుట్టినవి. సాక్షులచేత ప్రమాణము చేయింపలేదు. మిల్లు యజమానుల వంతు రాకయే సభాకాలము ముగిసినది. ప్రశ్నలలో పెక్కు జవాబును కడుపులో పెట్టుకొన్నవి. ఈ మూడును నిజములే. అవధానమున పృచ్ఛకుడు అవధానిని చిక్కుపెట్ట జూచును. శాడ్లరు అట్లుగాక సాక్షిని చేయిపట్టి తాను కోరిన చోటికి నడిపించెను. ఈ శ్రమవలననే నీ దేహము వికారమైనదిగదా యని అడిగినపుడు, అవుననుట తప్ప సాక్షికి వేఱు దారి లేదు. హామండ్ దంపతులు 1917లో ఈ సాక్ష్యములను విశేషముగా ఆదరించిరి, డబ్ల్యు. హెచ్. హట్టు 1926లో వీనిని పక్షపాతదూషితములని త్రోసివేసెను. హట్టు విమర్శలో కొంత సారము కలదు. అయినను గంటలు, కూలి, వయస్సు వంటివి సూచనచేత పుట్టించదగిన జవాబులు కావు. సాక్ష్యమిచ్చినందుకు పని పోగొట్టుకొన్నవారు కలరని శాడ్లరు సభలో మొఱపెట్టెను. పొట్టకూటికి ముప్పని యెఱిగియు లండనుకు వచ్చి పలికిన మాటను ప్రమాణము లేదన్న కారణముచే తేలికపఱచుట న్యాయము కాదు.

యజమానుల కోరికపై 1833లో రాజనియుక్త విచారణసంఘ మేర్పడినది. ఎడ్విన్ చాడ్విక్, థామస్ టూక్, డాక్టరు సౌత్‌వుడ్ స్మిత్ దాని కేంద్రమండలి సభ్యులు. ఇది కాలయాపనకేయని తలచి కార్మికులు దానిని నిరసించిరి. అయినను పసివారు స్వేచ్ఛగా ఒడంబడిక చేసికొనగలవారు కారని, వారికి రక్షణ యవసరమని ఆ సంఘమును తేల్చినది. అదే సంవత్సరమున వచ్చిన చట్టము పట్టు మిల్లులు దక్క తక్కిన వస్త్రపు మిల్లులలో తొమ్మిదేండ్ల లోపువారి పనిని నిషేధించి, పదుమూడేండ్ల లోపువారికి వారమునకు 48 గంటలు పరిమితి చేసి, నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించినది. పదిగంటల చట్టము 1847 వఱకు రాలేదు. మన దేశమున తొలి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చినపుడు కనీస వయస్సు ఏడేండ్లు మాత్రమే. అనగా బెంట్లీ పనికి చేరిన వయస్సుకంటె ఒక్కయేడు ఎక్కువ.

శాడ్లరు సాక్షులద్వారా చెప్పించినదానిని చాడ్విక్ 1842 నాటి పారిశుద్ధ్య నివేదికలో అంకెలుగా మార్చెను. లీడ్సులో మరణకాలపు సగటు వయస్సు ధనికవర్గమునకు 44, వర్తకులకు 27, కూలీలకు 19. శిశుమరణములు చేరుటచే సగటు ఇంత తగ్గినది. పెద్దవారందఱు పందొమ్మిదవయేట చనిపోయిరని దీని యర్థము కాదు. ఐనను ఒకే ఊరి గాలి, ఒకే ఊరి నీరు వర్గమునకొక తీరుగా ఆయువును కోసినవనుట ఈ అంకెలచే స్థిరపడినది.

1832 డిసెంబరు ఎన్నికలో శాడ్లరు లీడ్సున నిలిచి ఓడెను. మార్షలునకు 2012, మెకాలేకు 1984, శాడ్లరునకు 1596 వోట్లు వచ్చినవి. మార్షలు నార మిల్లుల యజమాని కుమారుడు. మెకాలే మన కెఱుకైన మెకాలేయే. 1834లో మద్రాసున దిగి, మఱుచటి యేడు ఆంగ్లవిద్యపై తన ప్రసిద్ధమైన మినిట్ వ్రాసినవాడు. పది పౌనుల అద్దె విలువగల యింటివారికే వోటుండుటచే, సంఘము ముందు సాక్ష్యమిచ్చిన కార్మికుల వంటివారికి ఈ ఎన్నికలో చెప్పుకొనదగిన పాత్రయే లేదు. అదే మెకాలే 1846లో పదిగంటల బిల్లును సమర్థించుచు సభలో ఉపన్యసించెను. అప్పటికి శాడ్లరు గతించి పదునొకండేండ్లు కావచ్చినది.

బెంట్లీ వాఙ్మూలపు చివరి పుట నింకను చూపవలసియున్నది. ఇప్పుడెక్కడ నున్నావని ఆమె నడిగిరి. హన్‌స్లెట్‌లోని పేదలశాలలో నని చెప్పినది. పూర్వపు యజమాను లెవరైన వచ్చి చూచిరా యనగా లేదన్నది. తాను పడిన కష్టములపై ఆమె అభిప్రాయమేమని అటుపిమ్మట నడిగిరి. ఆ ప్రశ్నకు ఎదుట జవాబు లేదు. సాక్షి దుఃఖముచే పలుకలేకపోయినదని మాత్రము లేఖకుడు వ్రాసియుంచెను.