బంగళా కూర – మన భోజనపు బల్ల చరిత్ర

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయమని సంపాదకవర్గము వారు కోరారు. దేవాలయ నిర్మాణమును గూర్చి, తొలి బోధకులను గూర్చి నాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు మనలో ఉన్నారు. కనుక నేను ఒక కూరను గూర్చి వ్రాయదలచాను. చదువరులు నవ్వవద్దని మనవి. మన సంఘ చరిత్రలో కొంత భాగము వంటయింటిలోనే జరిగింది.

మా తాతగారు రేపల్లె ప్రాంతములో ఒక మిషను బంగళాలో వంటపని చేశారు. ఆయన దొరసానుల వద్ద నేర్చిన ఒక వంటకమును మా నాయనమ్మ ఏటా క్రిస్మసు మరునాడు వండేది. దానికి మా ఇంట్లో "బంగళా కూర" అని పేరు. మెత్తగా ఉడికిన పెద్దమాంసము, గుడ్డు కలిపి చేసిన నూడుల్స్, వాటిమీద పాలు, వెన్న, మైదాతో కాచిన చిక్కని తెల్లని రసము, అన్నిటికంటె పైన ఎర్రగా కాలిన రొట్టెపొడి. అమెరికావారు దీనిని క్యాసరోల్ అంటారు. నేడు మన ఇళ్లలో క్యాసరోల్ అంటే చపాతీలు వేడిగా ఉంచుకొనే డబ్బా. నిజానికి అది ఫ్రెంచి మాట. మొదట వండే పాత్రకు పేరు, తరువాత ఆ పాత్రలో వండిన పదార్థానికీ అదే పేరు వచ్చింది.

ఈ కూర మన ఊళ్లకు ఎట్లా వచ్చింది? 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి, చిన్నతనములోనే అమెరికా వెళ్లినవారు. ఆయనను పంపినది పెన్సిల్వేనియాలోని లూథరన్ సంఘము. అక్కడ స్థిరపడిన జర్మనులకు గుడ్డు నూడుల్స్ ఇంటి వంట. నూడుల్ అన్న మాట కూడా జర్మను భాషదే. అటుతరువాత తెనాలి, రేపల్లె లూథరన్ మిషను ప్రాంతములయ్యాయి. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టులు పని చేశారు. 1915లో అమెరికాలో పొయ్యిలో పగలని గాజు పాత్రలు, 1934లో డబ్బాలలో చిక్కని పుట్టగొడుగుల సూపు అమ్మకానికి వచ్చిన తరువాత క్యాసరోల్ అక్కడి సంఘ విందులలో ముఖ్యమైన వంటకమైంది. ఇంటికొక పాత్ర తెచ్చి, అన్నిటినీ ఒకే బల్లమీద పెట్టి, అందరూ కలిసి తినడము వారి ఆచారము.

మన డెల్టాలో ఆ గాజు పాత్ర లేదు, సూపు డబ్బా లేదు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయిన తరువాత ఇది మరింతగా వరిసీమ అయింది. గోధుమపిండి పండుగ సరుకు. అందుచేత తాతగారు రేకు డబ్బాను ఓవెనుగా మార్చి, క్రింద నిప్పులు, మూతమీద నిప్పులు పెట్టి కాల్చేవారట. 1954 నాటి అమెరికా పి.ఎల్. 480 చట్టము తరువాత చర్చి సంస్థల ద్వారా పాలపొడి పంచిన రోజులలో నాయనమ్మ ఆ పొడితోనే తెల్లరసము కాచేదట.

ఇంతవరకు ఇది వంట కథ. ఇక మాంసము సంగతికి వస్తాను.

బాపట్ల ఒకనాడు ఒంగోలు బాప్టిస్టు క్షేత్రములోనిది. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారి కాలములో విశ్వాసులకు మూడు నియమములు పెట్టారు. ఆదివారము పని చేయరాదు, విగ్రహములను పూజించరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. మూడవ నియమము ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఊరిలో పశువు చస్తే ఈడ్చుకొనిపోవడము మాదిగపల్లెకు విధించిన చాకిరి. తోలు ఊరి పనికి, మాంసము పల్లె ఆకలికి. 1876–78 కరువులో అదికూడా దొరకని రోజులున్నాయి. ఆ నియమము మన పూర్వులను ఒక నీచమైన చాకిరి నుండి విడిపించడానికి సాయపడింది. అందుకు దేవునికి స్తోత్రము. అయితే బంగళాలో దొరలు తాజా గొడ్డు మాంసమును వెన్నతో, పాలతో వండించుకొని తినేవారు. నియమము చచ్చిన పశువును గూర్చినదే కాని, ఆ మాంసమును గూర్చి కాదు. ఈ భేదము మనవారిలో చాలామందికి ఎవరూ విడమరచి చెప్పలేదు. నియమము నిలిచింది, దానితోపాటు సిగ్గు కూడా నిలిచింది.

నాకు పదేళ్లప్పుడు, బంగళా కూర కాలుతుండగా నాయనమ్మ వీధి తలుపు గడియ వేసి, "ఎవరన్నా అడిగితే వేటకూర అని చెప్పు నాయనా" అన్నది. బడిలో నేను అట్లాగే చెప్పాను. జీవితములో నాకు గుర్తున్న మొదటి అబద్ధము అదే. తరువాత నేను గురువునై ఒక సంఘములో పనిచేసినప్పుడు, ప్రేమవిందుకు ఎవరి ఇంటినుండి వచ్చిన గిన్నెను ఎవరు ముట్టుకోలేదో కళ్లారా చూశాను. ఆ రోజు నేనూ నోరు మెదపలేదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటూ, కొందరు రాగానే పేతురు బల్లవద్దనుండి వెనుదీసిన సంగతి గలతీ పత్రిక రెండవ అధ్యాయములో ఉన్నది. పౌలు ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడు. వేదాంత కళాశాలలో ఆ అధ్యాయముమీద పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్న నేను, ఆ విందులో పేతురు ప్రక్కనే నిలిచాను.

ఇప్పుడు వంట చెబుతాను, ఇంట్లో చేసి చూడండి. మన రాష్ట్రములో 1977 చట్టము ప్రకారము ఆవులను, దూడలను వధించరాదు. పాడికి, సేద్యానికి పనికిరాని గేదెలను, ఎద్దులను వధించడానికి కూడా అధికారి ధ్రువపత్రము ఉండాలి. కనుక మనము వాడేది గేదె మాంసము. అర కిలో మాంసమును చిన్న ముక్కలు చేసి ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పుతో మెత్తగా ఉడికించాలి. పావు కిలో మైదాను మూడు గుడ్లతో గట్టిగా కలిపి, పలుచగా వత్తి, సన్నని పట్టీలుగా కోసి, గుడ్డమీద గంట ఆరబెట్టాలి. వాటిని మరిగే ఉప్పునీటిలో కొద్ది నిమిషములు ఉడికించి వార్చాలి. 60 గ్రాముల వెన్న కరిగించి, అంతే మైదా వేసి, రంగు మారకుండ వేయించి, ముప్పావు లీటరు పాలు కొంచెము కొంచెముగా పోస్తూ ఉండకట్టకుండ కలపాలి. మాంసము ఉడికిన రసము కూడా ఒక గరిటె పోస్తే రుచి. అన్నీ కలిపి వెన్న రాసిన పాత్రలో సర్ది, పైన రొట్టెపొడి చల్లి, ఓవెనులో 180 డిగ్రీల వేడిలో అరగంట ఉంచాలి. ఓవెను లేనివారు గాస్కెట్టు, వెయిటు తీసేసిన కుక్కరులో ఇసుక పరచి, దానిమీద పాత్ర పెట్టి, సన్న సెగన ముప్పావుగంట ఉంచవచ్చును. పైభాగము అంతగా ఎర్రబడదు కాని రుచికి లోటుండదు. పాలూ వెన్నా మాంసమూ అన్నీ గేదెవే. మొదటి రెండూ ఊరంతటికీ ఇష్టము, మూడవదానికే తలుపు గడియ.

దీనిని అందరూ తినాలని నేను అనడము లేదు. తిననివారి మనస్సాక్షిని నొప్పించరాదని పౌలే కొరింథీయులకు వ్రాశాడు. అటువంటివారికి పప్పూ పచ్చడీ ప్రేమతో వడ్డిద్దాము. నేను కోరేది ఒక్కటే. తినేవారు దాచవలసిన పని ఉండకూడదు. తిననివారు, తినేవారి ప్రక్కన కూర్చోవడానికి వెనుదీయకూడదు.

నాయనమ్మ ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది. గత క్రిస్మసు మరునాడు మా ఇంట బంగళా కూర వండాము. వీధి తలుపు తెరిచే ఉంచాను. వాసన చూసి ఎదురింటి పిల్లవాడు వచ్చి ఏమిటని అడిగితే, మా అబ్బాయి ఉన్న మాట చెప్పాడు. రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన సంఘపు విందుబల్ల చుట్టూ అట్టి ధైర్యమును, అట్టి ప్రేమను ప్రభువు మనకు దయచేయును గాక.