పూటకూళ్ళమ్మ పేరేమిటి?

రామతీర్థంలో ఊరికే తింటే పెట్టినవాళ్ళ పేరు తెలుస్తుంది. డబ్బులిచ్చి తింటే తెలియదు.

ఇదేం లెక్క అంటారా? చెప్తాను. నెల్లిమర్ల మండలంలో ఉన్న ఈ ఊరు మా విజయనగరం వాళ్ళకి దగ్గర్లో ఉన్న భద్రాచలం లాంటిది. శ్రీరామనవమికీ, శివరాత్రికీ, భీష్మ ఏకాదశికీ జనం విరగబడి వస్తారు. మన గుళ్ళన్నిటిలాగే ఇక్కడా అన్నదానానికి చందా ఇస్తే రసీదు ఇస్తారు, ఆ రసీదు మీద పేరుంటుంది. ఏ గుళ్ళో చూసినా బల్ల మీద పేరు, గోడ మీద పలక, ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరే కదా (కరెంటు పోతే గానీ చదవలేం, అది వేరే విషయం). కానీ అదే ఊళ్ళో, అదే జనానికి, తెల్లారుజామున లేచి రుబ్బి, పొయ్యి ముందు కూర్చుని, పదీ పరకా తీసుకుని కడుపు నింపినవాళ్ళ పేర్లు ఎక్కడైనా కనబడతాయా? నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఇది ఇప్పుడు మొదలైన సంగతి కాదు. ఇక్కడ గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. బోధికొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. బౌద్ధ భిక్షువులు వండుకోరు, కింద ఊళ్ళోకి దిగి భిక్ష తెచ్చుకుంటారు. అంటే కింద ఎవరో వండాలి. వాళ్ళెవరో మనకి తెలియదు. 1011 నుంచి 1018 దాకా ఏలిన తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకి వచ్చి మొక్కుకున్నాడని మాత్రం గుహలో శాసనం ఉంది. వెయ్యేళ్ళ కిందట యాత్రకొచ్చిన పెద్దమనిషి పేరు రాయి మీద అలాగే ఉందన్నమాట. ఆ రోజు ఆయనకి భోజనం వండిన మనిషి పేరు రాయాలని ఎవరికీ తోచలేదు.

సరే, శాసనాల్లో వంటవాళ్ళుండరు, ఒప్పుకుందాం. కానీ అన్నం అమ్మడమే వృత్తిగా బతికినవాళ్ళ సంగతేమిటి?

మన భాషలో వాళ్ళకి చక్కటి మాట ఉంది - పూటకూళ్ళు. పూటకి ఇంతని తీసుకుని పెట్టే కూడు. హోటలు, మెస్సు, రెస్టారెంటు అన్నీ అరువు మాటలే గానీ ఇది మాత్రం మన సొంతం. పైగా చాలా పాతది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న క్రీడాభిరామంలో (ఎవరు రాశారన్న దాని మీద పండితుల గొడవలు పండితులకి ఉన్నాయి) ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ పూటకూళ్ళింటి సంగతి ఎత్తుతారు. ఒక్క రూకకి కప్పురభోగి బియ్యపు అన్నం దగ్గర్నుంచి అరటిపళ్ళు, నంజుళ్ళు, గడ్డపెరుగు దాకా. ఈ రోజుల్లో వాడే 'అన్‌లిమిటెడ్ మీల్స్' అనే మాట లేదు గానీ సరుకు అదే. ఆ ఇంటికి ఒక పేరు కూడా ఉంది, లక్ష్మణవజ్ఝల ఇల్లు. అది మగవాడి పేరు. లోపల పొయ్యి దగ్గర ఎవరున్నారో కవి చెప్పలేదు.

ఇక్కణ్ణుంచి మా విజయనగరానికి వద్దాం.

1857లో ఇక్కడ మహారాజా వారి స్కూలు మొదలై, 1879లో కాలేజీ అయింది. కోర్టు పనులకి వచ్చే ప్లీడర్లు, కక్షిదారులు, చదువుకి వచ్చే కుర్రాళ్ళు, రామతీర్థం వెళ్ళే యాత్రికులు, 1890ల్లో రైలు వచ్చాక దిగే కొత్త మనుషులు... వీళ్ళందరికీ ఊళ్ళో చుట్టాలుండరు కదా. సత్రంలో ఎన్ని రోజులుంటారు? పూటకూళ్ళిల్లే దిక్కు. ఇది గిరాకీ వైపు కథ. చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఇక్కడితో ఆపేస్తారు.

అసలు కథ రెండో వైపు ఉంది. ఇంత వంట వండి అమ్మే మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారు?

గురజాడ అప్పారావు గారు 1897లో కన్యాశుల్కం అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. నాటకం కన్నా ముందు అది చదవాలంటాను నేను. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క మహారాజా తీయించారు. 1034 వచ్చాయి. ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఏడాదంటే ఇంకా నడక కూడా సరిగా రాని వయసు!

మొగుడు చనిపోతే ఆ పిల్ల గతేమిటి? మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది, 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు కూడా. కానీ చట్టం కాగితం మీదే ఉంది, ఇంట్లో కాదు. ఉమ్మడి కుటుంబంలో మొగుడి ఆస్తిలో ఆవిడకి వాటా లేదు, తిండీ బట్టా ఇస్తే చాలు. వాటా అనేది 1937 చట్టంతో వచ్చింది, అదీ బతికున్నంత కాలం అనుభవించడానికే. పూర్తి హక్కు 1956లో గానీ రాలేదు. చదువు లేదు, ఆస్తి లేదు, బయట ఉద్యోగం లేదు. చిన్నప్పట్నుంచీ చేతికి వచ్చిన పని ఒక్కటే, వంట. ఒక గది, రెండు గుండిగలు, నాలుగు విస్తరాకులు ఉంటే బతుకు మొదలవుతుంది. ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు.

అంటే పూటకూళ్ళిల్లు అనేది మన ఊళ్ళల్లో ఒక ఆడది ఒంటరిగా, సొంతంగా నడిపిన వ్యాపారం. పెట్టుబడి తనది, చాకిరీ తనది, అప్పు ఎగ్గొట్టేవాళ్ళ వెంటపడటం కూడా తనదే.

అప్పు ఎగ్గొట్టడం అంటే గిరీశం గుర్తొచ్చాడు కదూ! కన్యాశుల్కం మొదట్లోనే చెప్పేస్తాడు మహానుభావుడు. సరుకులు కొని తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. ఆ రోజుల్లో ఇరవై రూపాయలు చిన్న సొమ్ము కాదు. ఆవిడ చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది, గిరీశం మంచం కిందకి దూరతాడు, దెబ్బ అప్పటికే అక్కడ దాక్కున్న రామప్పంతులికి తగులుతుంది. అందరం పడీ పడీ నవ్వాం. నేనూ నవ్వాను. కానీ ఆవిడ వైపు నుంచి చూడండి. అది వ్యాపారం చేసుకునే మనిషి తన డబ్బు అడగడానికి రావడం. అంతే కదా!

ఇంకో సంగతి. ఆ నాటకంలో మధురవాణికి పేరుంది, బుచ్చమ్మకి పేరుంది, మీనాక్షికి ఉంది, వెంకమ్మకి ఉంది, పెళ్ళి చెయ్యబోయే చిన్నపిల్ల సుబ్బికీ ఉంది. పూటకూళ్ళమ్మకి మాత్రం వృత్తే పేరు. గురజాడ గారిని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఊరు ఆవిణ్ణి ఎలా పిలిచిందో ఆయన అలాగే రాశారు. ఆయనకి పరాయి ఇంటి అన్నం విలువ బాగా తెలుసు. తండ్రి పోయాక విజయనగరంలో వారాలబ్బాయిగా, రోజుకో ఇంట్లో తిని చదువుకున్నారు. తర్వాత కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు తన ఇంట్లో ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి ఆదుకున్నారు. చూశారా, ఉచితంగా పెట్టినాయన పేరు మనకి తెలుసు!

ఇప్పుడు గోదావరి వైపు చూద్దాం. డొక్కా సీతమ్మ గారు, లంకల గన్నవరం. 1841లో పుట్టి 1909లో పోయారు. వేళకాని వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో తెప్పించుకున్నారని అంటారు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు. మంచి పని, ఆ పేరు నిలబడాలి. నా ప్రశ్న ఆవిడ గురించి కాదు. ఇద్దరూ వండారు, ఇద్దరూ ఆకలి తీర్చారు. సీతమ్మ గారికి దానం చెయ్యడానికి పొలాలున్నాయి. విజయనగరం ఆవిడకి ఏమీ లేవు, అందుకే అమ్మింది. ఆస్తి ఉన్నావిడ అన్నపూర్ణ అయింది. లేనావిడ సామెత అయింది. "పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా?" అని.

అన్నం అమ్ముకోవడం పాపం అన్న పాత నమ్మకం దీని వెనక ఉంది. కొనుక్కు తినేవాడికి మాత్రం ఏ పాపమూ లేదు, అది గమనించాలి.

ఆ మధ్య ఆన్‌సైట్ పని మీద వెళ్ళినప్పుడు టీమ్ వాళ్ళు బ్రూక్లిన్‌లో పీటర్ లూగర్ అనే హోటలుకి తీసుకెళ్ళారు. 1887 నాటిది, అంటే మా ఊరి పూటకూళ్ళమ్మ కాలంది. పెద్ద పెద్ద మాంసం ముక్కలు కాల్చి పెట్టే హోటలు. నేను బంగాళదుంపల వేపుడు, పాలకూరతో కానిచ్చాను గానీ, దాని చరిత్ర మాత్రం పూర్తిగా తిన్నాను :) పీటర్ లూగర్ 1941లో పోయాక హోటలు దిగజారి 1950లో వేలానికి వస్తే, ఎదురుగా ఫ్యాక్టరీ ఉన్న సోల్ ఫోర్మన్ అనే పాత ఖాతాదారు కొన్నాడు. కానీ మాంసం ఎంచడం ఎవరు నేర్చుకున్నారనుకున్నారు? ఆయన భార్య మార్షా. హోల్‌సేల్ మార్కెట్టుకి తిరిగి, మగ కసాయిల మధ్య నిలబడి, ఏ ముక్క మంచిదో నేర్చుకుంది. తర్వాత కూతుళ్ళు, మనవరాళ్ళు అదే పని అందుకున్నారు. అక్కడా బోర్డు మీద మగపేరే, అదీ వేరే కుటుంబానిది. అయినా మార్షా పేరు చరిత్రలో ఉంది. ఎందుకంటే ఎవరో అడిగారు, ఎవరో రాసుకున్నారు.

మన దగ్గర తర్వాత ఏమైంది? ఉడిపి హోటళ్ళు వచ్చాయి, కాఫీ వచ్చింది, గల్లాపెట్టె వచ్చింది. వంట ఇంట్లోంచి బజారుకి వచ్చేసరికి మగవాడి చేతికి పోయింది. అప్పుడు మాత్రం అన్నం అమ్మడం పాపం కాలేదు! పేర్లూ వచ్చాయి. బెజవాడలో బాబాయ్ హోటల్, కాకినాడలో సుబ్బయ్య హోటల్. గొప్ప హోటళ్ళే, నేనూ తిన్నాను. కానీ పిన్ని హోటలు ఎందుకు లేదు?

మా తాతయ్య అరవైల్లో విజయనగరంలో చదువుకున్నారు. రెండేళ్ళు ఒకావిడ ఇంట్లో నెలకి ఇంతని ఇచ్చి తిన్నారట. ఆవిడ పెట్టిన కందిపచ్చడి గురించి అరగంట చెప్తారు. "ఆవిడ పేరేంటి తాతా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "పేరేటో ఎవడికి తెలుసురా... అందరం పిన్నిగారనే పిలిచీవోళ్ళం" అన్నారు. రెండేళ్ళు, రోజుకి రెండు పూటలు. లెక్కేస్తే పధ్నాలుగు వందల భోజనాల పైమాటే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పాత పూటకూళ్ళిళ్ళల్లో అందరికీ విస్తరి వెయ్యలేదు. బ్రాహ్మణ ఇంట్లో ఎవరు పంక్తిలో కూర్చోవచ్చో, ఎవరు గుమ్మం దాటకూడదో కులం చెప్పేది. రామతీర్థం జాతరకి పల్లెల నుంచి నడిచి వచ్చిన చాలామందికి మూటలో తెచ్చుకున్న చల్దన్నమే గతి. కాబట్టి ఆ ఇల్లు ఏదో స్వర్గం అని నేను అనడం లేదు. ఆవిడ కూడా ఆ కట్టుబాట్ల లోపలే బతికింది. వాటి వల్లే విధవ అయింది, వాటి వల్లే వంటలోకి దిగింది, వాటినే తన గుమ్మం దగ్గర కాపలా కాసింది. చరిత్ర ఇలా చిక్కుముడిగానే ఉంటుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. ప్రోగ్రాములో ఏ లైను ఎవరు రాశారో ఒక్క కమాండుతో తెలుస్తుంది. దాని పేరు 'బ్లేమ్', అంటే నింద. పూటకూళ్ళమ్మకి నింద మాత్రమే మిగిలింది, పేరు మిగల్లేదు.

ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో డెబ్భై, ఎనభై ఏళ్ళ పెద్దవాళ్ళుంటే, చదువుకునే రోజుల్లో ఎక్కడ తిన్నారో అడగండి. ఏం తిన్నారో చెప్తారు, ఎంత ఇచ్చారో కూడా చెప్తారు. ఆ తర్వాత వండినావిడ పేరు అడగండి. పదిమందిలో ఒక్కరికైనా గుర్తుండకపోదు. గుర్తుంటే ఊరూ వీధితో సహా రాసి పెట్టండి. డబ్బు తీసుకునే పెట్టింది, నిజమే. కానీ ఆకలేసిన ప్రతి పూటా పెట్టింది. పుణ్యం ఎరుగునా అని అడిగే ముందు పేరైనా ఎరిగి ఉండాలి కదా.