మణుగూరు భారజలం, గీగర్ గొట్టం: వాయు గణకాలలో విద్యుదుత్సర్గ నియంత్రణ – చారిత్రక పరిశీలన

భద్రాచలానికి ఎగువన, గోదావరి కుడి గట్టున, నాటి ఖమ్మం జిల్లా అశ్వాపురం మండలంలో నెలకొన్న మణుగూరు భారజల కర్మాగారం 1991లో ప్రారంభమైంది. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు రెండూ అడవి అంచున చేరువగా లభించడం దానికి అనుకూలించింది. అణుశక్తి శాఖకు చెందినది కావడంతో ‘అణు ఫ్యాక్టరీ’ అన్న భయం సహజంగా కలుగుతుంది. కాని భారజలం తనంత తాను రేడియోధార్మికం కాదు. నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ మధ్య డ్యుటీరియం మార్పిడి ద్వారా దానిని వేరుచేస్తారు. అక్కడ నిజంగా భయపడవలసింది ఆ విషవాయువుకే. ఇదే జలం రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురైనప్పుడు అందులోని డ్యుటీరియం కొంత ట్రిటియంగా మారుతుంది. రేడియేషన్ కొలత అవసరం అక్కడ మొదలవుతుంది.

ఈ కొలతకు తొలి సాధనాలలో ఒకటి వాయువు నింపిన గొట్టం. రూథర్‌ఫర్డ్, గీగర్ 1908లో మాంచెస్టర్‌లో దానికి పునాది వేయగా, 1928లో గీగర్, ముల్లర్ దానిని అతి సున్నితమైన పరికరంగా రూపొందించారు. గొట్టంలోకి ప్రవేశించిన కిరణం వాయు పరమాణువు నుండి ఎలక్ట్రాన్‌ను విడదీస్తుంది. నడుమనున్న సన్నని తీగ వైపు పరుగెత్తే ఆ ఎలక్ట్రాన్ మరికొన్నింటిని విడదీయగా, క్షణంలో వెల్లువ ఏర్పడుతుంది. చిక్కు అంతా ఆ తరువాతనే. వెనుదిరిగిన ధన అయాన్లు గొట్టపు గోడను తాకి కొత్త ఎలక్ట్రాన్లను వెలువరిస్తే ఉత్సర్గం మళ్లీ రగులుకొంటుంది. ఒక్క కిరణానికి గణకం ఆగకుండా మోగితే ఆ లెక్కకు విలువ లేదు.

మొదట పెద్ద నిరోధకాన్ని జతచేసి, ప్రతి ఉత్సర్గం వెంట వోల్టేజీ పడిపోయేటట్లు చేశారు. ఉత్సర్గం ఆగేది గాని గణకం నెమ్మదించేది. 1937లో ట్రోస్ట్ ఆల్కహాల్ ఆవిరిని కలిపాడు. అయాన్ల ఆవేశాన్ని ఆల్కహాల్ అణువులు స్వీకరించి, గోడ వద్ద ఎలక్ట్రాన్‌ను వెలువరించక తామే విడిపోతాయి. అణువులు తరిగేకొద్దీ గొట్టం ఆయువు కూడా తరుగుతుంది. ఈ లోపాన్ని 1947లో లీబ్సన్ హాలోజన్ వాయువుతో తీర్చాడు. విడిపోయిన హాలోజన్ పరమాణువులు తిరిగి జతకూడతాయి కనుక గొట్టం చాలాకాలం మన్నుతుంది.

ఈ విద్య దేశంలో వేళ్లూనడంలో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు పాత్ర విశిష్టమైనది. హోమీ భాభా వద్ద పనిచేసి, అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి నాయకత్వం వహించిన ఆయన, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.కు తొలి సారథి. అణు పరికరాలను దిగుమతి చేసుకోక ఇక్కడే తయారుచేయాలన్నది ఆ సంస్థ ఆశయం. నగరంలోని ఎ.ఎస్. రావు నగర్ పేరు నిత్యం పలికే వారందరికీ ఈ నేపథ్యం తెలియకపోవచ్చు.

ఉత్సర్గాన్ని అణచినంత మాత్రాన సమస్య తీరలేదు. ప్రతి స్పందన తరువాత గీగర్ గొట్టం కొద్దిసేపు మూగబోతుంది. తీవ్రమైన రేడియేషన్‌లో కిరణాలు ఎడతెగక వచ్చినప్పుడు కొన్ని పరికరాలలో సూచిక పెరగడానికి బదులు పడిపోతుంది. ప్రమాదం అత్యధికంగా ఉన్నచోటే పరికరం ‘ఏమీ లేదు’ అనడం కంటె దారుణం వేరొకటి ఉండదు. ఇది పనివాని ప్రాణానికి సంబంధించిన విషయం.

తరువాతి తరం గణకాలలో నిప్పురవ్వను అదుపుచేసే పద్ధతులు మారాయి. 1981లో శాంటోనికో, కార్డరెల్లి రూపొందించిన నిరోధక ఫలకాల గణకంలో, రవ్వ పుట్టినచోట మాత్రమే వోల్టేజీ పడిపోయి అది అక్కడే ఆరిపోతుంది. 1997లో సౌలీ ప్రవేశపెట్టిన సూక్ష్మరంధ్రాల పొరలను ఒకదాని వెంట ఒకటి అమర్చితే వెల్లువ భారం పొరల మధ్య పంపకమవుతుంది.

మణుగూరు జలం రియాక్టరుకు చేరిన తరువాత ఏర్పడే ట్రిటియం విషయం మాత్రం వేరు. దాని బీటా కణాలు ఎంత బలహీనమంటే సాధారణ గీగర్ గొట్టపు గోడను దాటలేవు. అందుచేత గాలినే అయనీకరణ పేటికలోనికి పీల్చి కొలుస్తారు. అందులో వెల్లువ పుట్టనివ్వరు కనుక ఉత్సర్గ సమస్య తలెత్తదు. బదులుగా, అత్యల్పమైన విద్యుత్తును పట్టుకొని పెంచి చూపవలసిన భారం ఎలక్ట్రానిక్స్‌పై పడుతుంది.