నేటాల్ అప్పలసాములకు నీడనిచ్చిన ఇల్లు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో అద్దెకు దిగిన మొదటి వారంలోనే, పక్క వీధిలో ఒక గేటు మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'అప్పలసామి' అని చదివి ఆగిపోయాను. ఆ రాత్రి అమ్మకు ఫోన్‌లో చెబితే, "మన సింహాచలం అప్పన్న పేరు అంత దూరం ఎలాగెల్లిందిరా?" అంది. ఇక్కడ అప్పలసామి, అప్పలరాజు ఇంటిపేర్లు. ఓడ ఎక్కిన ముత్తాత పేరే మనవలకు ఇంటిపేరుగా నిలిచిపోయింది. అమ్మ అడిగిన దానికి జవాబు చెప్పాలంటే ఈ దేశం కథ చెప్పాలి. ఆ కథలో నన్ను ఎక్కువగా కదిలించింది ఒక వృద్ధాశ్రమం.

1860 నవంబరు 16న మదరాసు నుంచి వచ్చిన 'ట్రూరో' ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు, డర్బన్ ఉన్న ఈ నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు, రైలు మార్గాలకు, బొగ్గు గనులకు వచ్చిన కూలీలు 1,52,184 మంది. అందులో మూడింట రెండు వంతులు మదరాసు రేవులో ఎక్కినవారే. ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. మన ప్రాంతం వాళ్ళను వెతకాలంటే విశాఖపట్నం, గంజాం జిల్లాల కింద చూడాలి. చికాకోల్ అనే మన శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలోనే ఉండేది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి.

రంగం, అంటే బర్మా, వెళ్ళినవాళ్ళ కథలు మన ఊళ్ళలో ఇంకా చెప్పుకుంటారు. రంగం పోయినవాడు ఏడాదికో రెండేళ్ళకో డబ్బు మూటతో తిరిగొచ్చేవాడు. నేటాల్ వలస అలాంటిది కాదు. ఐదేళ్ళకు వేలిముద్ర వేసిన ఒప్పందం అది. ఎగ్రిమెంటు అన్న మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికో షిల్లింగు పెంపు. తిరుగు ప్రయాణానికి ఉచితంగా ఓడ ఎక్కే హక్కు పదేళ్ళు నిండాక గాని రాదు.

గిర్మిట్ ముగించుకుని ఇక్కడే స్థిరపడదామనుకున్న వాళ్ళను వెళ్ళగొట్టడానికి 1895లో మనిషికి ఏడాదికి మూడు పౌనుల పన్ను చట్టం తెచ్చారు. మూడు పౌనులంటే అరవై షిల్లింగులు, కొత్త కూలీకి ఆరు నెలల జీతం. కట్టలేనివాళ్ళు మళ్ళీ గిర్మిట్‌లోకి దిగారు. 1913లో గాంధీ నాయకత్వాన గని కూలీలు, తోట కూలీలు పని మానేసి రోడ్డెక్కితే, మరుసటేడు ఆ పన్ను పోయింది.

దీనికి తోడు ఇంకొక లెక్క ఉంది. వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళ చొప్పున ఓడ ఎక్కించేవారు. అంటే వేలమంది మగవాళ్ళకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. 1881లో ఇరవై ఏళ్ళ వయసులో దిగినవాడికి 1921కి అరవై నిండాయి. చెరకు నరికిన చేతులకు సత్తువ పోయింది. ఊరికి వెళ్దామంటే అక్కడ గుర్తుపట్టేవాళ్ళు మిగల్లేదు. తోటల యజమానికి అతనితో పని తీరిపోయింది. అలాంటి ముసలివాళ్ళకు దుకాణాల అరుగులే దిక్కయ్యాయి.

వాళ్ళకోసం 1921 మే నెలలో డర్బన్ శివారు కేటో మేనర్‌లో ఒక ఇల్లు తెరుచుకుంది. పేరు ఆర్యన్ బెనెవొలెంట్ హోమ్. స్థాపించింది ఇక్కడి భారతీయుల సంఘమైన ఆర్య యువక సభ, ముందు నిలిచింది డి.జి. సత్యదేవ. వాళ్ళేమీ జమీందార్లు కారు. నిన్నటి కూలీల సమాజం తన ముసలివాళ్ళను తానే దగ్గరకు తీసుకుంది.

ఆ పని ఎంత అవసరమో తర్వాతి ఏళ్ళు చూపించాయి. 1927లో కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందం కింద, ఇండియాకు తిరిగి వెళ్ళిపోతామన్న వారికి ఇరవై పౌనులు చేతిలో పెట్టి ఓడ ఎక్కించారు. 1928లో ఈ దేశంలో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. అందులో భారతీయులకు, ఆఫ్రికన్లకు చోటు లేదు. 1944లో గాని వాళ్ళకు పింఛను రాలేదు, అదీ తెల్లవాళ్ళకంటే తక్కువ. ఒకటో తారీఖున మన ఊళ్ళో గుమ్మం దగ్గరకు వచ్చే పింఛను తలుచుకోండి. పక్కింటి గుమ్మం దాకా వచ్చి, రంగు చూసి మీ ఇల్లు దాటిపోతే ఎలా ఉంటుంది?

మన తెలుగువాళ్ళూ ఆ రోజుల్లోనే ఒక గూటికి చేరారు. 1929 నుంచి 1932 దాకా ఇక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్న కూర్మా వెంకటరెడ్డి నాయుడు తెలుగువాడే. ఆయన ఉన్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది.

1950లో ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో నిర్ణయించే చట్టం వచ్చింది. కేటో మేనర్‌లో కూరగాయలు పండించుకునే భారతీయులనూ, అక్కడే బతుకుతున్న ఆఫ్రికన్లనూ ఖాళీ చేయించారు. భారతీయులకోసం 1960లలో ఛాట్స్‌వర్త్ కట్టారు. ఆశ్రమమూ చివరికి అక్కడికే చేరింది. ముసలివాళ్ళతోపాటు అనాథ పిల్లలకూ నీడ అయింది. 2021లో దానికి నూరేళ్ళు నిండాయి. ఆ పండుగ కోవిడ్ కాలంలో వచ్చింది. పెద్దవాళ్ళను కాపాడాలంటే ఆప్తులను కూడా దూరంగా ఉంచాల్సిన రోజులవి.

మన ఊళ్ళో వృద్ధాశ్రమం అంటే కన్నబిడ్డలకు తలవంపు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇక్కడి కథ తెలిశాక అభిప్రాయం మారింది. వలస కొడుకులను తీసుకుపోయినచోట ముసలితనం ఒక్క ఇంటి పూచీ కాదు, అందరిదీ. ఉద్దానంలో మా వీధిలో సగం ఇళ్ళ పిల్లలు చెన్నైలోనో, హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉన్నారు. పింఛను అందుతుంది. ఒంట్లో బాగులేనప్పుడు గ్లాసెడు అంబలి కలిపి ఇచ్చేవాళ్ళెవరు?

ఈ సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను. మా రామమందిరం పక్క గది ఖాళీగానే ఉందని అమ్మ చెప్పింది. ఒంటరిగా ఉన్న పెద్దలకు మధ్యాహ్నం పూట అక్కడ వేడి బువ్వ పెట్టగలమా అని ఊరివాళ్ళను అడుగుతాను. బియ్యానికి నేను, నాలా ఊరు విడిచినవాళ్ళు పూచీ పడతాం. వండి వడ్డించే చేతులు మాత్రం ఊళ్ళోవే కావాలి.