రాబోవు ఆట, ఉన్న యంత్రము

సుచిత్ర కూడలికి దాపున మా యిల్లు. ఒకనాటి సాయంకాలము నా మనుమడు నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "తాతా, కొత్త ఆట వస్తున్నది. నా కంప్యూటరుకు గ్రాఫిక్స్ కార్డు మార్చాలె. కార్డు మారిస్తే పవర్ సప్లయి గూడ మార్చాలె" అనెను. వాడు ఉద్యోగమున చేరి ఆఱు నెలలైనది. కూడబెట్టినది వాని సొమ్మే. కాని చెల్లెలి కాలేజీ ఫీజులో సగము తానిత్తునని వాడే అంతకు ముందు మాట యిచ్చియుండెను. మార్చవలెనా, ఆగవలెనా యని నన్నడిగెను. కార్డుల మర్మము నాకు తెలిసినది తక్కువ. గడచిన సంగతులు కొంత తెలియును. వానికి చెప్పినదే శ్రోతలకును విన్నవించుచున్నాను.

ఆటకై యంత్రమును మార్చు తలపోత మన యిండ్లకు క్రొత్త గాదు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. అయిదేండ్లకు, 1982 నవంబరు 19న, ఢిల్లీలో ఆసియా క్రీడలు మొదలైనవి. ఆ యేడే మన దేశమున రంగుల ప్రసారములును ప్రారంభమయ్యెను. ఆటలు వచ్చులోపల రంగుల పెట్టె కొనవలెనా యని ఇంటింట నదే చర్చ. మా యింట నుండినది ఈసీఐఎల్ వారు ఈ నగరముననే తయారుచేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపుది. మేము కొనలేదు. మన ప్రసారములకు గైకొన్న పాల్ పద్ధతిలో నొక మర్యాద కలదు: రంగుల సంకేతము పాత పెట్టెకు సైతము అందును, బొమ్మ ఆగదు, రంగు మాత్రము కనబడదు. అయినను మా పిల్లలు ప్రారంభోత్సవమును పొరుగింటి రంగుల పెట్టెలోనే చూచి వచ్చిరి. ఆ సంగతి నేటికిని నాకు జ్ఞాపకము చేయుచుందురు!

కంప్యూటరు ఆటలకు అట్టి మర్యాద తక్కువ. 1962లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. వారు పీడీపీ-1 యంత్రముపై 'స్పేస్‌వార్' అను ఆటను కల్పించినప్పుడు ఆటకొఱకు యంత్రమును కొనువారెవ్వరును లేరు. 1980ల నాటి గృహ కంప్యూటర్లకు ఆటలు క్యాసెట్టు టేపులపై వచ్చెడివి. రేడియో శ్రోతలకు వినసొంపగు ముచ్చట యొకటి: హాలండు దేశపు రేడియోవారు ఆ రోజులలో కంప్యూటరు ప్రోగ్రాములను కీచుధ్వనుల రూపమున ప్రసారము చేయగా, ఇండ్లలోనివారు టేపున పట్టుకొని తమ యంత్రములకు వినిపించెడివారు.

1993 డిసెంబరులో 'డూమ్' వచ్చెను. 386 ప్రాసెసరు, నాలుగు మెగాబైట్ల మెమరీ యున్న చాలునని చెప్పిరి గాని, సుఖముగా ఆడుటకు 486 కావలసివచ్చెను. 1996లో వచ్చిన 'క్వేక్' దశాంశ గణితముపై ఎక్కువగా ఆధారపడినది. ఆ పనిలో పెంటియమ్ గట్టిది. చౌకగా దొరకిన ఇతర ప్రాసెసర్లను కొన్నవారు చిన్నబోయిరి. ఆ యేడే 'వూడూ' కార్డు వెలువడుటతో బొమ్మకై ప్రత్యేకముగా నొక కార్డు కొను అలవాటు స్థిరపడినది.

మా వానికి నేను ముఖ్యముగా చెప్పినది 'హాఫ్-లైఫ్ 2' కథ. 2003 వేసవిలో దానిని ప్రదర్శించి, సెప్టెంబరు 30న విడుదలయని ప్రకటించిరి. ఏటీఐ కంపెనీవారు తమ రేడియాన్ 9800 ఎక్స్‌టీ కార్డుతో ఆ ఆటకు కూపను జతచేసి అమ్మిరి. కార్డు వచ్చెను, కూపను వచ్చెను, ఆట రాలేదు. అక్టోబరు మొదటిలో దాని మూలరచన దొంగిలింపబడి బయటపడినట్లు లోకమునకు తెలిసినది. తుదకు ఆట వచ్చినది 2004 నవంబరు 16న. ఈలోపల అంతకంటె బలమైన కార్డులు అంగళ్లకు వచ్చినవి. ముందు చూపుతో కొన్నవాడు ఏడాదికి పైగా కూపను పట్టుకొని కూర్చుండెను.

ఇక మా వాడు కోరినది 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' ఆఱవ భాగము. దొంగల కథ, నా అభిరుచికి సరిపడదు, అది వేరు మాట. 2023 డిసెంబరులో దానిని 2025లో విడుదల చేయుదుమనిరి. తరువాత 2026 మే 26 అనిరి. 2025 నవంబరులో మరల మార్చి 2026 నవంబరు 19 అనిరి. ఆ ప్రకటనలలో పేర్కొన్నవి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రములు. కంప్యూటరు పేరు లేదు. వారి పాత లెక్కలు చూడుడు. నాలుగవ భాగము 2008 ఏప్రిలులో అట్టి యంత్రములకు వచ్చి, డిసెంబరులో కంప్యూటరుకు వచ్చెను. ఐదవది 2013 సెప్టెంబరులో వచ్చి, కంప్యూటరుకు 2015 ఏప్రిలునకు గాని చేరలేదు. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' అను మరియొకటి ఏడాది తరువాత చేరినది. ఏ కార్డు కావలెనో చెప్పనే చెప్పని ఆటకు ఇప్పుడే కార్డు కొనుట, పెండ్లికొడుకు కొలతలు తెలియక షేర్వాణీ కుట్టించుట వంటిది.

మనుమడు ఊరకుండలేదు. "ఆగితే ధర పెరిగితే ఎట్ల?" అనెను. అది త్రోసివేయరాని మాట. ఆగినకొలది చౌక యను పాత సూత్రము ఈ మధ్య రెండు సారులు తప్పినది. 2021లో ఒకవంక సరకు కొఱత, మరియొకవంక క్రిప్టో నాణెముల తవ్వకము, ఈ రెంటితో కార్డులు అసలు ధరకు దొరకలేదు. 2022 సెప్టెంబరులో ఎథీరియమ్ వారు ఆ తవ్వకమును మానిన పిదప ఒక పోటీ తొలగినది. 2025 చివరి నుండి కృత్రిమ మేధ కేంద్రములు మెమరీని తమవంకకు లాగుకొనగా ర్యామ్ ధరలు విపరీతముగ పెరిగినవి. మన హైదరాబాదున కేంద్రము గల మైక్రాన్ సంస్థ, ఇండ్లవారికి అమ్మెడి 'క్రూషియల్' వ్యాపారమునుండి తప్పుకొందుమని ఆ డిసెంబరులో ప్రకటించినది. కనుక నేడు చెడిపోయిన యంత్రము గలవానికి ఆగుమని నేను చెప్పను. వాని యంత్రము చెడలేదు. పాత ఆటలన్నియు ఆడుచున్నది.

మరుసటి ఆదివారము బోయినపల్లి మీదుగా సికింద్రాబాదు పార్క్‌లేనునకు పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు దుకాణములు తిరిగితిమి. వాడు కార్డు డబ్బాను చేతులలోనికి తీసికొని, అటునిటు త్రిప్పి చూచి, తిరిగి యిచ్చివేసెను. దాని బదులు ఒక ఎస్సెస్డీ డిస్కు కొనెను. ఈనాటి పెద్ద ఆటలు కొన్ని అది లేనిదే నడువవని, ఇది ఏ ఆట వచ్చినను వ్యర్థము కాదని వాని వాదము. నాకు నచ్చినది. ఇంటికి వచ్చి ఫ్యానులోని దుమ్ము దులిపి, డిస్కు బిగించెను. ఆ వారములోనే ఫీజు కట్టెను. యంత్రము త్వరగా తెరచుకొనుచున్నదని తెలిసిన చెల్లెలు, తన చదువునకును అదియే కావలెనని రాత్రి తొమ్మిదింటికి వానిని కుర్చీనుండి లేపుచున్నది.